జెండాకొయ్య నీడ

(చిత్తూరులో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఇవాళ ఎవరి స్మృతిలో ఇక్కడ చేరామో ఆ గురువుగారి పూర్తిపేరు నా వెనక బ్యానరు మీద ఉంది. నా నోటికి మాత్రం ఆ పేరు అలవాటు లేదు. ఆయన దగ్గర అయిదేళ్ళు చదువుకున్నాను. ఆ తర్వాత నేనూ ఫిజికల్ సైన్సు టీచరునై ముప్పయ్యేళ్ళకు పైగా ఇదే జిల్లాలో పనిచేశాను. ఇంతకాలంలో ఆ పేరు ఒక్కసారి కూడా పలికిన గుర్తు లేదు. మా ఊళ్ళో ఎవరూ పలికేవారు కాదు. మాకు ఆయన అయివారు. ఇవాళ కూడా అట్లాగే పిలుస్తాను, కుటుంబసభ్యులు మన్నించాలి.

బడుల్లో అంతరిక్ష విజ్ఞాన బోధన గురించి మాట్లాడమని నిర్వాహకులు చెప్పారు. అయివారు టెలిస్కోపులో చూసింది నాకు తెలిసి రెండుసార్లు. రాకెట్ ప్రయోగం దగ్గర్నుంచి చూడనే లేదు. అయినా ఆకాశం గురించి నాకు తెలిసినదంతా ఆయన పెట్టిన భిక్షే. అందుకే ఆయన మీద మొదలుపెట్టి, నా ఉద్యోగకాలంలో చూసిన కార్యక్రమాల మీదికి వస్తాను.

1980 ఫిబ్రవరి 16. సంపూర్ణ సూర్యగ్రహణం. పూర్తి చీకటి పడే దారి మనకు ఉత్తరంగా, కర్ణాటక మీదుగా తెలంగాణలోకి వెళ్ళింది. దేశదేశాల శాస్త్రవేత్తలు హైదరాబాదు దగ్గరి జపాల్–రంగాపూర్ వేధశాలకు చేరారు. మనకు సూర్యుడు చాలా భాగమే కప్పుకుపోయాడు. ఊళ్ళో ఒక్క తలుపూ తెరిచి లేదు. పొయ్యి మీద కుండలు దించేశారు, నీళ్ళ బిందెల్లో దర్భ వేశారు. మా అవ్వ మమ్మల్ని లోపల పెట్టి గడియ వేసింది. మూడున్నర దాటాక అయివారు వీధిలోకి వచ్చి, మా అవ్వను ఏమని ఒప్పించారో గానీ, నన్నూ ఇంకో నలుగుర్నీ బడి వెనక చింతచెట్టు కిందికి తీసుకెళ్ళారు. “పైకి చూస్తే వీపు పగలగొడతా, నేల చూడండి” అన్నారు.

నేల నిండా నెలవంకలు. చింతాకుల సందుల్లోంచి దిగే వెలుగు రోజూ గుండ్రటి మచ్చలుగా పడుతుంది కదా, ఆ మచ్చలన్నీ ఆ మధ్యాహ్నం కొడవళ్ళయిపోయాయి. వందల కొడవళ్ళు, అన్నీ ఒకే వైపుకు తిరిగి. అయివారు తన అరచేతిని ఆ వెలుగులో పెట్టి చూపించారు. అరచేతిలో ఒక చిన్న సూర్యుడు, కొరికేసిన దోసెలాగా. ప్రతి ఆకుసందూ ఒక కెమెరాయేనని, రోజూ మనం తొక్కుకుంటూ నడిచే ఆ గుండ్రటి మచ్చలు సూర్యుడి బొమ్మలేనని అప్పుడు చెప్పారు. ఏడో తరగతి పాఠంలో సూదిరంధ్రపు కెమెరా ఉంది. అట్టపెట్టె బొమ్మ కూడా ఉంది. ఆ పాఠానికి బొడ్డుకోసి పేరుపెట్టింది మాత్రం ఆ చింతచెట్టే.

ఇక్కడ మన ప్రాంతపు సంగతి ఒకటి చెప్పుకోవాలి. గ్రహణం వస్తే తిరుమలలో గుడి తలుపులు మూస్తారు. నలభై కిలోమీటర్ల అవతల శ్రీకాళహస్తిలో తెరిచే ఉంచుతారు. ఆ మరుసటి వారం ఒక పిల్ల ఇదే అడిగింది: “అయివారూ, ఒక గుడి ఎందుకు మూస్తారు, ఇంకోటి ఎందుకు మూయరు?” శాస్త్రం తెలిసిన కొందరు అయ్యవార్లు ఇట్లాంటి ప్రశ్నకు చిరాకు పడతారు, కొందరు నవ్వి వదిలేస్తారు. అయివారు రెండూ చెయ్యలేదు. ఏ గుడి ఆచారం ఆ గుడిది, అది పెద్దల్ని అడగమన్నారు. శ్రీకాళహస్తిలో పూజలందుకునే రాహుకేతువులు ఎవరో మాత్రం నేను చెప్తానన్నారు. రెండు వెదురు చాటల అంచుల్ని ఒకదాన్లో ఒకటి కాస్త వాలుగా దూర్చి పట్టుకున్నారు. ఒక చాట సూర్యుడు కనబడే దారి, ఇంకో చాట చంద్రుడి దారి. రెంటి మధ్య వాలు అయిదు డిగ్రీలు. దారులు కలిసేది రెండే చోట్ల. ఆ రెండు చోట్లకు మన పాతవాళ్ళు పెట్టుకున్న పేర్లే రాహువు, కేతువు. అందుకే వాళ్ళను ఛాయాగ్రహాలన్నారు, కంటికి కనబడరు. ప్రతి అమావాస్యకూ గ్రహణం ఎందుకు పట్టదో ఆ చాటల్లో కనబడిపోయింది. చంద్రుడు ఆ కలిసే చోటు దగ్గరికి వచ్చినప్పుడే అమావాస్య కావాలి మరి. ఆ కలిసే చోట్లు కూడా మెల్లిగా వెనక్కి జరుగుతూ 18.6 ఏళ్ళకు ఒక చుట్టు తిరుగుతాయి. పంచాంగంలో రాహువు ఒక్కో రాశిలో ఏడాదిన్నర ఉంటాడంటారు. పన్నెండు రాశులకు లెక్క కట్టుకోండి, పద్దెనిమిదేళ్ళు. శ్రీకాళహస్తిలో పూజకు వచ్చే జనానికి ఈ ఏడాదిన్నర మార్పు బాగా తెలుసు. బడిలో మాత్రం ఆ తెలిసినదాన్ని మనం వాడుకోము.

ఇక జెండాకొయ్య. అయివారి దగ్గర ఎర్ర అట్ట వేసిన పొడుగాటి లెక్కల పుస్తకం ఒకటి ఉండేది. ప్రతి శనివారం మిట్టమధ్యాహ్నం బడి జెండాకొయ్య నీడ కొలిపించి అందులో రాసేవారు. తేదీ, నీడ పొడవు, ఏ దిక్కుకు పడిందో, కొలిచిన పిల్లవాడి పేరు. అంతే. గడియారంలో 12 గంటలకు కొలిస్తే ఒప్పుకునేవారు కాదు. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడ పక్కనుంచి పోతుంది. మనం దానికి మూడు డిగ్రీలు పడమర ఉన్నాం కాబట్టి సూర్యుడు మన నెత్తి మీదికి పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. దానికి తోడు ఏడాది పొడవునా కొన్ని నిమిషాలు అటూ ఇటూ ఊగుతాడు. ఆగస్టు నడుమ మనకు అసలైన మధ్యాహ్నం దాదాపు 12 గంటల 17 నిమిషాలకు. మధ్యాహ్నభోజనం గంట కొట్టకముందే పిల్లలు బయట ఎందుకున్నారని ఒక ఇన్‌స్పెక్టరుగారు అడిగితే అయివారు ఇదంతా ఆయనకూ ఓపికగా చెప్పారు.

తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, చిత్తూరు 13.2 మీద. సూర్యుడు ఏడాదికి రెండు రోజులు సరిగ్గా మన నడినెత్తిన నిలబడతాడు. ఆ రోజు నిటారుగా ఉన్న ఏ వస్తువుకూ మధ్యాహ్నం నీడ ఉండదు. మొదటి రోజు ఏప్రిల్ చివరి వారంలో వస్తుంది, అప్పటికి మన బడులకు ఎండాకాలం సెలవులిచ్చేస్తారు. రెండోది ఆగస్టు 16, 18 తేదీల మధ్య. అంటే స్వాతంత్ర్య దినం తర్వాత మూడు రోజుల్లోపే. ఆగస్టు 15న ఆరు మీటర్ల జెండాకొయ్యకు మన దగ్గర మధ్యాహ్నపు నీడ జానెడు కూడా ఉండదు. ప్రతి బడిలోనూ కొయ్య ఉంది, ఆ రోజు పిల్లలంతా బడికి వస్తారు. తొమ్మిదింటికి జెండా ఎగరేసి చాక్లెట్లు పంచి ఇళ్ళకు పంపేస్తాం. మూడు గంటలు ఆగితే ఖగోళశాస్త్రం ఆ కొయ్య కాళ్ళ దగ్గరికే వచ్చి నిలబడుతుంది.

ఏప్రిల్ చివరికీ ఆగస్టు నడుమకూ మధ్య నెలల్లో మన మధ్యాహ్నపు నీడ దక్షిణం వైపు పడుతుంది. ఢిల్లీలో ఏ రోజు చూసినా ఉత్తరానికే. ఢిల్లీలో రాసిన పాఠ్యపుస్తకాన్ని చిత్తూరు పిల్లవాడు తన వాకిట్లో నిలబడి సరిచూడగల చోటు ఇది.

ఇంకొక్క మెట్టు ఎక్కితే భూమినే కొలవొచ్చు. 2,200 ఏళ్ళ కిందట ఎరటోస్తనీస్ చేసిన పని. ఈజిప్టులో ఒక ఊరి బావిలో సూర్యుడి బింబం నిలువునా కనబడిన రోజున అలెగ్జాండ్రియాలో నీడ ఎంత పడిందో చూసి ఆయన భూమి చుట్టుకొలత కట్టాడు. మన తెలుగువాళ్ళకు ఈజిప్టు అక్కర్లేదు. తిరుపతికి దాదాపు నిట్టనిలువునా ఉత్తరాన ఆదిలాబాద్ ఉంది. రెంటికీ అక్షాంశంలో తేడా ఆరు డిగ్రీలు. తిరుపతిలో నీడ మాయమైన రోజున ఆదిలాబాద్‌లో ఒక బడి మీటరు కర్ర నిలబెడితే దాని నీడ సుమారు పదిన్నర సెంటీమీటర్లు వస్తుంది. ఆ నీడ నుంచి ఆరు డిగ్రీల కోణం కట్టొచ్చు. రెండు ఊళ్ళ మధ్య నిలువు దూరం 670 కిలోమీటర్లు. ఆరు డిగ్రీలంటే చుట్టులో అరవయ్యో వంతు. 670ని అరవైతో హెచ్చవేస్తే 40,200. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. రెండు కర్రలు, ఒక ఫోన్ కాల్. నేను సర్వీసులో ఉండగా రెండుసార్లు ప్రయత్నించాను. ఒకసారి అటు మబ్బు, ఒకసారి ఇటు మబ్బు. ఇక్కడున్న టీచర్లు నా బాకీ తీర్చాలని అడుగుతున్నాను.

ఇప్పుడు శ్రీహరికోట సంగతి. 1971 అక్టోబరు 9న అక్కడినుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది, 125 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న వాతావరణ పరిశోధన రాకెట్. 2022లో జిల్లాలు మారాక సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అంటే చంద్రయాన్–3 2023 జులై 14న బయల్దేరింది మన తిరుపతి జిల్లా నుంచే. ప్రయోగానికి ముందు శాస్త్రవేత్తలు రాకెట్ నమూనా పట్టుకుని తిరుమలకు రావడం, సూళ్ళూరుపేటలో చెంగాళమ్మను దర్శించుకోవడం మనకు అలవాటైన దృశ్యాలు. రాత్రి ప్రయోగమైతే మా ఊరి మిద్దెల మీది నుంచి కూడా తూర్పున కొండ మీదుగా నారింజరంగు చుక్క లేస్తూ కనబడుతుంది. పిల్లలు కేకలు పెడతారు, ఫోన్లలో తీస్తారు, దిగి వచ్చి పడుకుంటారు.

నాకు బాధ కలిగించేది ఆ పడుకోవడమే. ఇంత దగ్గరుండి మనం ప్రేక్షకులమే అయ్యాం. ప్రయోగం చూపించడానికి బస్సులు వేస్తాం, ఆ రోజు వ్యాసరచన పోటీ పెడతాం, మొదటి బహుమతికి స్టీలు గ్లాసు ఇస్తాం. సూళ్ళూరుపేటలో నిలబడ్డ పిల్లవాడికి మంట కనబడిన క్షణం నుంచి చప్పుడు వినబడేదాకా లెక్కపెట్టమని ఎవరూ చెప్పరు. పద్దెనిమిది కిలోమీటర్లు అనుకుంటే ధ్వని చేరడానికి యాభై సెకన్లకు పైగా పడుతుంది. ఆ లెక్క పెట్టిన పిల్లవాడు ధ్వని వేగాన్ని జన్మలో మరిచిపోడు. తూర్పు తీరమే ఎందుకంటే భూమి పడమటినుంచి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి. శ్రీహరికోట నేల సెకనుకు దాదాపు 450 మీటర్ల వేగంతో తూర్పుకు పరుగెడుతోంది, తూర్పుకు వదిలిన రాకెట్‌కు ఆ వేగం ఊరికే కలిసొస్తుంది. పైగా ఎదుట అంతా సముద్రం, విడిపోయిన భాగాలు జనం మీద పడవు. తిరుగుతున్న రంకులరాట్నం మీది నుంచి రాయి విసిరిన పిల్లలకు ఇది రెండు వాక్యాల్లో అర్థమవుతుంది.

శ్రీహరికోట గురించి మాట్లాడేటప్పుడు అక్కడి యానాదులను తలచుకోకుండా ఉండలేను. రాకెట్ కేంద్రం రాకముందు నుంచీ ఆ దీవి, ఆ అడవి, పులికాట్ నీళ్ళు వాళ్ళవి. ఆ పిల్లల్లోంచి ఒక ఇంజనీరు ఆ గేటు లోపలికి ఉద్యోగానికి నడిచి వెళ్ళిన రోజు నాకు చంద్రయాన్ దిగిన రోజంత సంతోషం.

శ్రీహరికోటకు వచ్చినంత పేరు గాదంకికి రాలేదు. తిరుపతినుంచి పాకాల వైపు పోతుంటే కొండల మధ్య కనిపిస్తుంది. అక్కడి రాడార్ 1990ల మొదట్లో వచ్చింది. అప్పట్లో జాతీయ ఎం.ఎస్.టి. రాడార్ కేంద్రం, 2005 నుంచి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. రాడార్ అనగానే పిల్లలు గిరగిరా తిరిగే పళ్ళెం అనుకుంటారు. ఇక్కడ తిరిగేదేమీ లేదు. నాలుగెకరాల చదునైన నేల మీద వరుసకు 32 చొప్పున 32 వరుసల్లో 1,024 యాంటెనాలు నాటారు. ఒకప్పుడు మిద్దెల మీద దూరదర్శన్‌కు పెట్టుకున్న యాంటెనాల జాతివే అవి, యాగి యాంటెనాలు. కాకపోతే ఆకాశం వైపు ముఖం పెట్టి నిలబడ్డాయి. 53 మెగాహెర్ట్జ్ రేడియో అలల్ని పైకి పంపుతాయి. పైన గాలి సమంగా ఉండదు, సుళ్ళు తిరుగుతూ ఉంటుంది. అలలో సగం పొడవు, అంటే మూడు మీటర్లకు కాస్త తక్కువ పరిమాణంలో ఉన్న సుళ్ళు ఆ అలను కొంచెంగా వెనక్కి తోస్తాయి. తిరిగొచ్చిన అల పౌనఃపున్యం మారిందా, ఎంత మారిందీ చూసి పైన గాలి ఎటు వీస్తోందో, ఎంత వేగంతో వీస్తోందో కడతారు. రైలు దగ్గరికొచ్చేటప్పుడు కూత ఒక రకంగా, దాటిపోయేటప్పుడు ఇంకో రకంగా వినబడుతుంది చూడండి, అదే సూత్రం. పాకాల జంక్షన్ పిల్లలకు కూత గురించి వేరే చెప్పాలా? ఇరవై కిలోమీటర్ల ఎత్తు దాకా, మళ్ళీ అరవై పైన తొంభై దాకా, చేతికందని గాలిని నేలమీద కూర్చుని చదువుతారు. ఆ కొండల మధ్యే ఎందుకంటే చుట్టూ కొండలు గోడల్లా నిలబడి బయటి రేడియో గోలను తగ్గిస్తాయి. అయివారు రిటైరయ్యాక అది తయారైంది. బస్సులో ఆ పక్కనుంచి పోతూ ప్రతిసారీ కిటికీలోంచి తల బయట పెట్టి చూసేవారు.

కార్యక్రమాలు లేవని ఎవరూ అనలేరు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికా వాళ్ళ ఏ.టి.ఎస్.–6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపారు. సైట్ అనేవారు దాన్ని. మన రాష్ట్రం ఆ ఆరింటిలో ఒకటి, తెలుగులోనూ ప్రసారాలు వచ్చాయి. కోళ్ళగూళ్ళకు కట్టే జాలీతో పది అడుగుల గొడుగులు అల్లి యాంటెనాలు చేశారు. ఉపగ్రహం పాఠం కోళ్ళజాలీలో పడింది! నన్ను అంతకన్నా కదిలించే సంగతి ఇంకొకటుంది. ఆ ఏడాదిలోనే టీవీ, రేడియో, అచ్చుపుస్తకాలు, చేతి ప్రయోగాలు కలిపి దాదాపు 50 వేల మంది ప్రాథమిక పాఠశాలల టీచర్లకు సైన్సు బోధనలో శిక్షణ ఇచ్చారు. ఉపగ్రహం దొరికిన ఒక్క ఏడాదిలో మొదట టీచరు దగ్గరికి వెళ్ళాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ వాళ్ళకు దండం పెట్టాలి. తర్వాత 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచే ఎడ్యుశాట్ ఎగిరింది. చదువు కోసమే చేసిన ఉపగ్రహం, 1,950 కిలోలు. 2010 దాకా పనిచేసింది.

ఇప్పుడు నడుస్తున్నవి చూడండి. 2019లో ఇస్రో యువిక మొదలుపెట్టింది, యువ విజ్ఞాని కార్యక్రమం. తొమ్మిదో తరగతి పిల్లలు రెండు వారాలు ఇస్రో కేంద్రాల్లో ఉండి శాస్త్రవేత్తలతో మాట్లాడతారు, ప్రయోగశాలలు చూస్తారు, తమ చేత్తో చేస్తారు. ఖర్చంతా ఇస్రోదే. ఎనిమిదో తరగతి మార్కులు, ఆన్‌లైన్ క్విజ్ లాంటివాటితో ఎంపిక జరుగుతుంది, పంచాయతీ పరిధిలోని బడి పిల్లలకు అదనపు మార్కులుంటాయి. శ్రీహరికోట కూడా ఇప్పుడు ఆ కేంద్రాల్లో ఒకటి. చాలా మంచి కార్యక్రమం. 2024లో దేశం మొత్తం మీద ఎంపికైంది 350 మంది దాకా. ఒక్కో అటల్ టింకరింగ్ ల్యాబుకు 20 లక్షల రూపాయలు వస్తాయి. ఇన్‌స్పైర్ మానక్ కింద ఆలోచన ఎంపికైన పిల్లవాడికి 10 వేలు. అక్టోబరు 4 నుంచి 10 దాకా ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు, ఆగస్టు 23న జాతీయ అంతరిక్ష దినం. అలిపిరి దారిలో 1993 నుంచి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది, తారామండలంతో సహా. ఏర్పేడులో ఐఐటీ, ఐసర్ వచ్చాయి. చిత్తూరునుంచి గీత గీస్తే 80 కిలోమీటర్ల దూరంలో, జవ్వాది కొండల్లో కావలూరు వేధశాల ఉంది. హైదరాబాదులో పెరిగిన వేణు బప్పు గారు కట్టించింది. అక్కడి మీటరు టెలిస్కోపు 1977లో యురేనస్ వలయాల ఆచూకీ పట్టిన కొన్నిటిలో ఒకటి. ఆయన పేరు పెట్టిన 2.34 మీటర్ల టెలిస్కోపు 1986 నుంచి పనిచేస్తోంది. అయివారు టెలిస్కోపులో చూసింది రెండుసార్లన్నానే, ఒకసారి అక్కడే. శనిగ్రహాన్ని చూసి వచ్చి వారం రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదని వాళ్ళ ఇంట్లోవాళ్ళు చెప్పారు.

ఇన్ని ఉన్నాయి. వీటన్నిటిలో టీచరు ఎక్కడున్నాడు? ఫారం నింపేవాడుగా ఉన్నాడు. పిల్లల్ని బస్సులో లెక్కపెట్టేవాడుగా, ఫోటో తీసి యాప్‌లో ఎక్కించేవాడుగా ఉన్నాడు. నేను పనిచేసిన ఒక బడికి మంచి టెలిస్కోపు వచ్చింది. దాన్ని వాడడం ఎవరికీ నేర్పలేదు. పాడైతే జీతంలో కోస్తారేమోనని స్టాకు రిజిస్టరులో రాసి బీరువాలో పెట్టి తాళం వేశారు. నేను చేరిన నాలుగో ఏడు ఆ తాళంచెవి దొరికింది. అప్పటికి కటకానికి బూజు పట్టింది. తప్పు ఆ హెడ్మాస్టరుదని అనను. వస్తువు ఇచ్చి చెయ్యి నేర్పకపోతే ఎవరైనా అదే చేస్తారు. పిల్లవాడు బడిలో ఉండేది అయిదేళ్ళు, టీచరు ఉండేది ముప్పయ్యేళ్ళు. ఏడాదికి వంద మంది పిల్లలనుకున్నా, ఒక టీచరు కళ్ళు తెరిస్తే మూడువేల జతల కళ్ళు.

అమెరికా వాళ్ళు అంతరిక్షంలోకి మామూలు మనిషిని పంపుదామనుకున్నప్పుడు ముందుగా ఎంచుకున్నది టీచరునే. పదకొండు వేల మందికి పైగా దరఖాస్తు చేస్తే క్రిస్టా మెకాలిఫ్ ఎంపికయ్యారు. 1986 జనవరి 28న ఛాలెంజర్ పేలిపోయి ఆమె, ఆమెతో పాటు ఆరుగురు చనిపోయారు. ఆమెకు బదులుగా తయారైన బార్బరా మోర్గన్ అనే పల్లెబడి టీచరు ఇరవై ఒక్కేళ్ళు ఆగి 2007లో వెళ్ళి వచ్చింది. ఆ ఇరవై ఒక్కేళ్ళ ఓపిక టీచరుకే ఉంటుందని నేను గర్వంగా చెప్పుకుంటాను.

నేను అడిగేది ఇది. ఇక్కడ అధికారులు కూడా ఉన్నారు కాబట్టి విడమరిచి చెప్తాను. టీచర్లకు ఒక యువిక కావాలి. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ప్రతి మండలం నుంచి ఏడాదికి ఒక్క సైన్సు టీచరు, ఓడీ (ఆన్ డ్యూటీ) మీద, వారం రోజులు. రెండు రోజులు శ్రీహరికోట, రెండు రోజులు గాదంకి, ఒక రోజు అలిపిరి విజ్ఞాన కేంద్రం, ఒక రాత్రి కావలూరు. మిగిలిన రోజు ఏర్పేడులో కూర్చుని ఆ వారం చూసినవాటిలోంచి తన తరగతికి పనికొచ్చే అయిదు పాఠాలు తెలుగులో రాసి రావాలి. ఇంకే సర్టిఫికెట్టూ వద్దు. కాంప్లెక్స్ మీటింగులో ఆ పాఠాలు చెప్పి చూపిస్తే చాలు. అన్నీ ఒక పూట ప్రయాణంలోనే ఉన్నాయి. దేశంలో ఇంకే ప్రాంతానికి ఈ అదృష్టం ఉందో నాకు తెలీదు.

తెలుగులో అన్నాను. ఇప్పుడు మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. మంచిదే. ఆ తెలుగు పేజీ కూడా కొన్నిచోట్ల పిల్లలకు ఇంకో ఇంగ్లీషులాగే ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడుల కోసం పాఠాలను కార్డులుగా విడగొట్టి, ఆ పల్లెల మాటలతో, కథలతో తయారుచేశారు. ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు ఎవరి కార్డు వాళ్ళు తీసుకుని చదువుకుంటారు. ఆ పల్లెబడుల్ని వాళ్ళు శాటిలైట్ స్కూళ్ళని పిలుచుకున్నారు. ఆకాశపు పాఠాలకు కూడా అట్లాంటి కార్డులు రావాలి. మాటలు మన దగ్గర ఉన్నాయి. ఓరియన్ నడుము మీది మూడు చుక్కల్ని మా తాత గొర్రుకొయ్యలనేవాడు, విత్తనం వేసే గొర్రు తెలిసిన మనిషి కాబట్టి. కృత్తికలు పిల్లలకోడి. కార్తీక పున్నమి నాడు ఊరంతా దీపాలు పెట్టుకుని ఆరుబయటే ఉంటుంది కదా, ఆ రాత్రి చంద్రుడి పక్కన చూడండి, పిల్లలకోడి అక్కడే ఉంటుంది. కార్తీకానికి ఆ పేరు ఎందుకు వచ్చిందో ఆకాశమే చెప్తుంది. మహీధర నళినీమోహన్ గారు ఈ దారిలో ఎంతో రాశారు. జన విజ్ఞాన వేదిక వాళ్ళ ‘చెకుముకి’ పత్రిక కోసం మా బడి పిల్లలు పోస్టుమాన్ వెంట పడేవాళ్ళు.

2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి కొత్త చిన్న రాకెట్ ఎస్.ఎస్.ఎల్.వి. మొదటిసారి ఎగిరింది. అందులో ఆజాదీశాట్ ఉంది. దేశంలో 75 ప్రభుత్వ బడుల నుంచి 750 మంది ఆడపిల్లలు దాని భాగాలు కూర్చారు. రాకెట్ ఉపగ్రహాన్ని సరైన కక్ష్యలో వదల్లేకపోయింది, అది నిలవలేదు. ఆ పిల్లల్లో కొందరు ఆ రోజు అక్కడే ఉన్నారు. ఆరు నెలలు తిరిగేసరికి, 2023 ఫిబ్రవరి 10న, ఆజాదీశాట్–2 కక్ష్య చేరింది. మన బడుల్లో రెండో తేదీ చెప్తారు, మొదటిది చెప్పరు. ఆ పిల్లలు నేర్చుకున్నదాంట్లో సగం మొదటి తేదీలోనే ఉందని నా నమ్మకం. ఈ నమ్మకం నాకు ఎక్కడిదో చెప్పి ముగిస్తాను.

అయివారి ఎర్ర అట్ట పుస్తకాన్ని వాళ్ళ అమ్మాయి పోయిన నెల నా చేతికిచ్చారు. ఇంటికెళ్ళి ఒక రాత్రంతా చదివాను. కొన్ని పేజీల్లో నా పేరు కూడా ఉంది. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక శనివారం నీడ కొలిచే వంతు నాది. ఆ రోజు ముసురు. నీడ లేదు. అయినా ఖాళీ వదలడానికి సిగ్గేసి పోయిన వారం అంకెలో ఒక అంగుళం తగ్గించి రాసేశాను. అయివారు చూసి ఏమీ అనలేదు. ఎర్రసిరాతో నా అంకె కొట్టేసి, పక్కన “మబ్బు. కనబడలేదు” అని రాసి, దాని కింద నాతో సంతకం పెట్టించారు. ఆ సంతకం ఇంకా ఉంది, తెలుగులో, వంకరగా.

ఆ పుస్తకంలో “మబ్బు. కనబడలేదు” అన్న శనివారాలు చాలా ఉన్నాయి. చివరన పద్దెనిమిది కాగితాలు రాయకుండా మిగిలాయి. అయివారు పనిచేసిన బడికే ఆ పుస్తకం ఇవ్వాలని వాళ్ళ కుటుంబం అనుకుంది. సభ అయ్యాక ఇక్కడే ఆ బడి పిల్లల చేతికి ఇస్తాం. జెండాకొయ్య పాతదే, కదల్చలేదని కనుక్కున్నాను. వచ్చే శనివారం కొలిచే వంతు ఎవరిదో వాళ్ళు బస్సులోనే తేల్చుకుని వచ్చారట. మూడో వరుసలో నీలం రిబ్బన్లు కట్టుకున్న అమ్మాయిది.